ప్రయాణికులకు విజ్ఞప్తి

ఏడో తరగతితో నా బడి అయిపోయింది. ఆ తర్వాత చదివిందంతా బస్సు డిపో గోడ మీద చదివాను. క్లీనరుగా చేరిన కొత్తలో టైర్ల గది పక్కన ఒక నోటీసు బోర్డు ఉండేది. ఎడమవైపు యాజమాన్యం సర్క్యులర్లు, కుడివైపు సంఘం కరపత్రాలు. మధ్యాహ్నం అన్నం తిన్నాక చేతులు తుడుచుకుని రెండువైపులా చదివేవాణ్ణి. ఎడమవైపు భాష అర్థం కావాలంటే కుడివైపు చదవాలి, కుడివైపు కోపం అర్థం కావాలంటే ఎడమవైపు చదవాలి. అలా తెలుగు వచ్చింది, కాస్త చట్టం వచ్చింది, ఇంగ్లీషు కూడా ముక్కలు ముక్కలుగా వచ్చింది. డ్రైవరునయ్యాక కుడివైపు కాగితాలు రాసే పని నాకే అప్పగించారు.

వాటిలో నేను ఎక్కువసార్లు రాసింది ‘ప్రయాణికులకు విజ్ఞప్తి’. సమ్మె చేయాలంటే పద్నాలుగు రోజుల ముందు యాజమాన్యానికి నోటీసు ఇచ్చేవాళ్ళం, అదే రోజు బస్టాండులో జనానికి కరపత్రం పంచేవాళ్ళం. ఫలానా రోజునుంచి బస్సులు నడవవు, పెళ్ళిళ్ళున్నవారు, ఆసుపత్రికి వెళ్ళవలసినవారు ముందుగా ఏర్పాట్లు చేసుకోగలరు, మీకు కలిగే అసౌకర్యానికి చింతిస్తున్నాము అని. మా సంఘం కార్యదర్శి ఆ కరపత్రం విషయంలో మహా పట్టుదల మనిషి. “చెప్పి ఆపితే సమ్మెరా, చెప్పకుండా ఆపితే దొంగతనం” అనేవాడు. ఆ మాట నా ఎముకల్లోకి వెళ్ళిపోయింది. ఆ మాటను పట్టుకునే, ముప్ఫయ్యేళ్ళ తర్వాత, ఉత్తర కరోలినాలో ఒక మనిషి ఉద్యోగం పోగొట్టాను. ఈ నాలుగు పేజీలూ అందుకే రాస్తున్నాను.

అమెరికాలో ఉన్న మా బావమరిది ఎప్పుడో వేసిన గ్రీన్‌కార్డు పిటిషను అందరూ మరిచిపోయాక పండింది. నేను రిటైరయ్యాక మా ఆవిడా నేనూ ఇక్కడికి వచ్చాం. ఖాళీగా కూర్చోవడం నాకు చేతకాదు. కౌంటీ బడులకు బస్సు డ్రైవర్లు కావాలని వాళ్ళ బస్సుల యార్డు కంచెకు బట్ట కట్టి ఉంటే చూసి లోపలికి వెళ్ళాను. లైసెన్సు పుస్తకాన్ని డిక్షనరీ పక్కన పెట్టుకుని రెండు నెలలు చదివాను. పరీక్షలో ఒక్క ప్రశ్న తప్పు పోయింది. అది కూడా వాళ్ళ ప్రశ్నే సరిగా లేదని నాకిప్పటికీ అనుమానం.

నాకు పసుపు బస్సు నేర్పింది ఒక నల్లజాతి ఆవిడ. అరవై దాటిన మనిషి, ఇరవై ఎనిమిదేళ్ళ సర్వీసు, ఇంకో రెండు బడి సంవత్సరాలు నడిపితే పూర్తి పింఛను. మొదటిరోజు చిన్న సుత్తితో టైర్లు ఒక్కొక్కటీ కొట్టి చప్పుడు వినమంది. నేను వినకుండానే “నాలుగోది గాలి తక్కువ” అన్నాను. నన్ను ఎగాదిగా చూసి, “ఎక్కడ నేర్చుకున్నావు?” అంది. “క్లీనరుగా” అన్నాను. ఆ రోజునుంచి నన్ను ‘బ్రదర్’ అంది. నేనావిణ్ణి ‘చెల్లెమ్మా’ అన్నాను.

“అంటే ఏమిటి?” అని అడిగింది.

“మా దగ్గర గౌరవం ఉన్న ఆడమనిషిని పేరు పెట్టి పిలవం. వరస కలుపుకుంటాం. మీరు నాకంటే చిన్న కాబట్టి చెల్లెమ్మ.”

ఆవిడ పగలబడి నవ్వింది. “నన్ను చిన్నది అన్నవాళ్ళెవరూ బతికి లేరు బ్రదర్. అలాగే పిలువు.”

తన కాఫీ కప్పు మీద ఆ మాటను ఇంగ్లీషు అక్షరాల్లో నాచేతే రాయించుకుంది. బస్సు రేడియోలో కూడా నేను అలాగే పిలిచేవాణ్ణి. యార్డులో అందరికీ అలవాటైపోయింది. యార్డు మేనేజరు సైతం, నేను ఆలస్యమైతే, “నీ సిస్టర్ అప్పుడే గేటు దాటింది, నువ్వింకా అద్దాలు తుడుస్తున్నావా?” అని వేళాకోళం చేసేవాడు.

ఇక మా గొడవ సంగతి. డ్రైవర్లు చాలక ఒక్కొక్కరికి పొద్దున మూడు బడులు అంటగట్టారు. పెద్ద పిల్లల బడి, నడిమి పిల్లల బడి, చిన్న పిల్లల బడి, ఒకదాని వెనక ఒకటి, మధ్యలో ఊపిరి లేదు. చెల్లెమ్మ లేచిన దగ్గర్నుంచి చుక్క నీళ్ళు తాగేది కాదు. ఎందుకని అడిగితే, “తాగితే దిగాలి. దిగితే రెండో బడి పిల్లలు రోడ్డు మీద నిలబడాలి” అంది. ఆ ఏడు రెండుసార్లు మూత్రంలో ఇన్ఫెక్షన్ వచ్చి జ్వరంతోనే బస్సు నడిపింది. నా వయసు మగవాడి బాధ సంగతి విడమరచి చెప్పక్కరలేదు. మేము అడిగింది రెండో బడికీ మూడో బడికీ మధ్య పది నిమిషాలు. అది కాగితం మీద రాసి ఇమ్మన్నాం. అంతే.

దాదాపు అందరం సంతకాలు పెట్టి అర్జీ ఇచ్చాం. కౌంటీ బడుల ఆఫీసునుంచి జవాబు వచ్చింది. మీ సేవకు కృతజ్ఞులం, అయితే ఉద్యోగుల బృందంతో బేరసారాలు జరిపి ఒప్పందం చేసుకోవడానికి రాష్ట్ర చట్టం అనుమతించదు అని.

నేను నమ్మలేదు. లైబ్రరీకి వెళ్ళి ఆ చట్టం అచ్చు తీయించుకున్నాను. నిజమే. ఈ రాష్ట్రంలో బడి పంతులైనా, మంటలార్పేవాడైనా, చెత్తబండివాడైనా, బస్సు డ్రైవరైనా, ప్రభుత్వంతో సంఘం తరఫున ఒప్పందం రాసుకోవడం కుదరదు. రాసుకున్నా చెల్లదు. సమ్మె చేస్తే నేరం. ఆ చట్టం నాకంటే కొంచెమే చిన్నది. సంఘం పెట్టుకోవచ్చట, చందా కట్టవచ్చట, టీషర్టు వేసుకోవచ్చట. ఎదుటివాడు సంతకం మాత్రం పెట్టకూడదట. డబ్బున్నవాడు డబ్బున్నవాడితో రోజూ ఒప్పందాలు రాసుకునే దేశంలో, ఒంటికి వెళ్ళడానికి పది నిమిషాలు కావాలని ముసలి డ్రైవర్లు రాయించుకోకూడదు! ఆ పేజీ చేతిలో పట్టుకుని లైబ్రరీ మెట్ల మీద కూర్చున్నాను. ఇప్పటికీ నాకు ఆ కోపం చల్లారలేదు.

ఆదివారం గుడి భోజనశాలలో ఈ సంగతే ఎత్తాను. మా వీధిలోనే ఉండే కరీంనగర్ కుర్రాడు, సాఫ్ట్‌వేరు, వీసా మీద ఉన్నాడు. వాళ్ళ పాప నా బస్సులో ముందు సీటులో కూర్చుంటుంది. పులిహోర వడ్డిస్తూ అన్నాడు:

“అంకుల్, యూనియన్లు గినియన్లు ఇక్కడ వద్దే వద్దు. అవుంటె పని చెయ్యనోణ్ణి కూడా తియ్యరాదు. మా ఆఫీస్‌ల చూడుండ్రి, పర్ఫార్మెన్స్ లేదంటే అదే రోజు లాప్‌టాప్ గుంజుకుంటరు. అందుకే కంపెనీ మంచిగుంటది.”

“నీది గుంజుకుంటే?”

“నాకు అరవై రోజులు టైముంటది. ఇంకో జాబ్ చూస్కోవాలె, లేదంటే పెట్టె సర్దుకోవాలె.”

“అది న్యాయమేనా నాయనా?”

“న్యాయమంటరేంది అంకుల్, అది రూల్” అని నవ్వి, ఇంకో గరిటె వేశాడు. మంచివాడు. ఇప్పటికీ మంచివాడే.

శుక్రవారం మధ్యాహ్నం చివరి బస్సు వెనక మేమందరం నిలబడ్డాం. చెల్లెమ్మ గట్టిగా మాట్లాడలేదు. “సోమవారం మనందరికీ ఒంట్లో బాగుండదు. ఎవరి జ్వరం వాళ్ళది. ఎవరూ ఎవరితో మాట్లాడలేదు, ఎవరూ ఎవరికీ చెప్పలేదు. మాట్లాడుకున్నామని తెలిస్తే అది సమ్మె అవుతుంది. జ్వరమైతే ఎవరూ ఏమీ చేయలేరు.” తర్వాత నావైపు తిరిగి, “బ్రదర్, నీకు విడిగా చెప్తున్నా. నీ నోరు బస్సు హారన్” అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

ఆదివారం సాయంత్రం కూర్చోలేకపోయాను. చలి బాగా దిగింది. మా వైపు పిల్లల్లో సగంమంది అమ్మానాన్నలు పొద్దున్నే ఆఫీసుకి వెళ్ళిపోతారు. పిల్లలు ఆరుబయట నిలబడతారు. ముందు సీటు పాప చేతికి గ్లవుజు ఎప్పుడూ ఒకటే ఉంటుంది, రెండోది ఎక్కడో పారేస్తుంది. ఆ పాప రాని బస్సు కోసం రోడ్డు చివరకు చూస్తూ ఉండడం నా కళ్ళకు కట్టింది. ఫోను తీశాను.

మా ఆవిడ చూసింది. “ఎవరికీ చెప్పొద్దందిగా ఆవిడ?”

“ప్రయాణికులకు చెప్పకుండా బస్సు ఆపిన చరిత్ర నాకు లేదు.”

“ఇక్కడ మీ చరిత్ర ఎవరడిగారండీ? ఊరుకోండి.”

ఊరుకుంటే బాగుండేది. గుడి వాట్సాప్ గ్రూపులో పెట్టాను. అక్షరం అక్షరం నాకు గుర్తుంది: ప్రయాణికులకు విజ్ఞప్తి. రేపు సోమవారం మన వైపు స్కూలు బస్సులు రావు. డ్రైవర్లందరికీ ఒంట్లో బాగుండదు. పిల్లలను చలిలో నిలబెట్టకండి, ముందుగా ఏర్పాట్లు చేసుకోగలరు. ఈ మాట మా చెల్లెమ్మ ఖాయంగా చెప్పింది. కలిగే అసౌకర్యానికి చింతిస్తున్నాము.

పేరు రాయలేదు. ఎవరి పేరూ బయటపెట్టకుండా ఎంత జాగ్రత్తగా రాశానో చూశావా అని మా ఆవిడతో అన్నాను కూడా.

రెండు నిమిషాల్లో దణ్ణాల బొమ్మలు వరస కట్టాయి. కరీంనగర్ కుర్రాడు ఫోన్ చేశాడు. “అంకుల్, కన్ఫర్మేనా? ఎవరు అంకుల్ ఆ చెల్లెమ్మ?”

“మా యార్డులో అందరికంటే పెద్ద డ్రైవరు. ఆవిడ చెప్తే చెప్పినట్టే.”

“అయితే మీరు టెన్షన్ పడకుండ్రి. నేను సెట్ చేస్త.”

చేశాడు. వీళ్ళకు ఆ విద్య బాగా తెలుసు. గుడిలో ఏ పని ఉన్నా ఫోన్లో షీటు ఒకటి తెరుస్తారు, పేర్లు వచ్చి పడతాయి, పని అయిపోతుంది. అరగంటలో ఏ వీధి పిల్లలను ఎవరి కారులో ఎక్కించాలో షీటు తయారు. అక్కడితో ఆగినా బాగుండేది. తెలుగు రాని తల్లిదండ్రులకు కూడా పనికొస్తుందని నా విజ్ఞప్తిని చక్కటి ఇంగ్లీషులోకి మార్చి, పక్క వీధులకూ పంపి, బడివాళ్ళు కూడా సిద్ధంగా ఉంటారని ప్రిన్సిపాల్‌కూ పంపాడు. డ్రైవర్‌గారి సోదరి, యార్డులో సీనియర్ డ్రైవరు, ఈ విషయం నిర్ధారించారు అని అందులో ఉంది.

సోమవారం పొద్దున కిటికీ దగ్గర కూర్చున్నాను. కార్లు ఒకదాని వెనక ఒకటి. పిల్లలు వెచ్చగా, నవ్వుతూ, వెనక సీట్లలో చేతులూపుతూ పోయారు. ఒక్కరూ నిలబడలేదు. సమ్మె జరిగిన ఆనవాలే లేదు. బడులు సజావుగా నడిచాయని, సహకరించిన తల్లిదండ్రులకు కృతజ్ఞతలని ఆఫీసు మధ్యాహ్నానికల్లా ప్రకటించింది. సాయంత్రం కుర్రాడు వాళ్ళావిడ చేసిన మిరియాల చారు ఫ్లాస్కులో పోసి తెచ్చాడు.

“జ్వరం ఎట్లుంది అంకుల్?”

నేను దగ్గాను. ఆ చారు వేడిగా గొంతులోకి దిగుతుంటే మొదటిసారి భయం వేసింది. ఎందుకో అప్పటికి తెలియదు.

బుధవారం తెలిసింది. మేనేజరు పిలిచాడు. గదిలో అతనూ, ఆఫీసునుంచి వచ్చిన ఒకావిడా. బల్ల మీద నా విజ్ఞప్తి ఇంగ్లీషులో. నా పక్కన ఒక కుర్చీ ఖాళీగా ఉంది.

ఆ కుర్చీ గురించి చెప్పాలి. మా డిపోలో ఒకసారి నన్ను సస్పెండు చేశారు. విచారణ రోజు అధికారి ఎదురుగా ఒక్కణ్ణే కూర్చున్నాను. అప్పుడు సంఘం కార్యదర్శి వచ్చి, కుర్చీ లాక్కుని, నా పక్కన కూర్చున్నాడు. పెద్దగా ఏమీ మాట్లాడలేదు. “ఆ ప్రశ్న మళ్ళీ అడగండి, రాసుకుంటాను” అన్నాడు రెండుసార్లు. మూడోసారి ఆ అధికారి ఆ ప్రశ్న అడగలేదు. సంఘం అంటే ఏమిటని ఇక్కడి కుర్రాళ్ళు నన్ను అడుగుతుంటారు. నాకు తెలిసింది ఆ కుర్చీయే.

“ఒక రోజు ముందే అందరికీ జ్వరం వస్తుందని నీకెలా తెలిసింది?” అని మేనేజరు అడిగాడు.

నేను ఖాళీ కుర్చీ వైపు చూశాను.

“నీ ఫారంలో ఈ దేశంలో అక్కచెల్లెళ్ళు లేరని ఉంది.” అతని ముఖంలో వేళాకోళం లేదు. కొంచెం బాధ కూడా ఉన్నట్టుంది. “నువ్వు సిస్టర్ అని ఎవరిని పిలుస్తావో ఈ యార్డులో నాకు చెప్పాలా? ఆవిడ కాదంటే కాదని చెప్పు. రాసుకుంటాను.”

కాదు అని ఒక్క ముక్క. అనలేదు. యాజమాన్యం అడిగితే నోరు విప్పకూడదని మాకు నేర్పారు. అది పక్కన మనిషి ఉన్నప్పటి పాఠం. ఒంటరిగా ఉన్నప్పుడు మౌనం అవునని అర్థమవుతుందని ఎవరూ నేర్పలేదు. పేరు చెప్పడం మర్యాద కాదని వరసతో రాశాను. పేరే రాసి ఉంటే, ఆ పేరు ఆ యార్డులో ఇద్దరికి ఉంది. చెల్లెమ్మ ఒక్కతే.

ఆఫీసావిడ ఒక కాగితం ముందుకు జరిపింది. ఇంగ్లీషు సరిగా రాని కారణంగా సహోద్యోగి ఒకరు చెప్పిన మాటను నేను తప్పుగా అర్థం చేసుకున్నానని, నా తప్పు ఉద్దేశపూర్వకం కాదని ఉంది. సంతకం పెడితే హెచ్చరికతో సరి. డిక్షనరీ పక్కన పెట్టుకుని వాళ్ళ చట్టమంతా చదివినవాణ్ణి నేను. ఆ కాగితంలో ప్రతి మాటా నాకు అర్థమైంది. సహోద్యోగి చెప్పింది అన్న మాట ఎవరి మెడకు తగులుకుంటుందో కూడా అర్థమైంది. సస్పెండైన నెలల్లో మా ఇల్లు ఎలా ఉండేదో గుర్తొచ్చింది. మా ఆవిడ గుండె మందులు గుర్తొచ్చాయి. ఇవన్నీ సాకులు. సంతకం పెట్టాను.

ఆ శుక్రవారమే ఆవిణ్ణి తీసేశారు. చట్టవిరుద్ధమైన పని ఆపివేతకు ప్రేరేపించినందుకట. తాళాలు, చొక్కా, రేడియో తీసుకుని గేటు దాకా ఒక మనిషిని తోడు పంపారు. నేను అప్పుడు మూడో బడి దగ్గర ఉన్నాను.

గుడిలో కుర్రాడు నా దగ్గరికొచ్చాడు. ముఖం పాలిపోయి ఉంది. “అంకుల్, నేను హెల్ప్ చేద్దామనుకున్న.”

“నేనూ అంతే నాయనా.”

“ఇరవై ఎనిమిదేళ్ళు చేసిందట గదా! ఒక్క రోజుల ఎట్ల తీసేస్తరు? అడిగేటోళ్ళు ఎవరూ లేరా...” అంటూనే ఆగిపోయాడు. గరిటె చేతిలోనే ఉంది.

మర్నాడు ఆవిడ ఇంటికి వెళ్ళాను. వరండాలో కూర్చుని ఉంది. పక్కనే మంచినీళ్ళ సీసా, సగం తాగినది. అంతా చెప్పాను. గ్రూపులో పెట్టింది, గదిలో ఊరుకుంది, సంతకం పెట్టింది. ఏదీ దాచలేదు.

సీసా మూత బిగించి, రోడ్డు వైపు చూస్తూ అంది: “అందరికీ ముందుగా చెప్పావన్నమాట. గుళ్ళోవాళ్ళకు, బడివాళ్ళకు, ఆఫీసుకు. నాకొక్కదానికే చెప్పలేదు.”

“చెల్లెమ్మా...”

“అలా పిలవకు.” గొంతు పెంచలేదు. “నాకు మా అమ్మ పెట్టిన పేరుంది. ఇన్నాళ్ళలో నీ నోటివెంట ఒక్కసారి కూడా వినలేదు. దానితో పిలిచి, అప్పుడు క్షమించమని అడుగు.”

ఆ పేరు నాకు తెలుసు. డ్యూటీ షీట్ల మీద రోజూ చూసిందే. నోరు తెరిచాను. డెబ్భై ఏళ్ళ మర్యాద ఆ పేరును పైకి రానివ్వలేదు. ఆవిడ కొంచెంసేపు ఎదురుచూసింది. తర్వాత లేచి, సీసా తీసుకుని, లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది.

ఆ నెల బడుల బోర్డు సమావేశానికి వెళ్ళాను. ఊళ్ళోవాళ్ళెవరైనా మైకు దగ్గర మూడు నిమిషాలు మాట్లాడవచ్చు. ముందుగా చెప్పింది నేనే, ఆవిడ కాదు, ఆ కాగితం మీద నా సంతకం అబద్ధం, నాకు ఇంగ్లీషు వచ్చు అని చెప్పాను. బల్ల వెనకవాళ్ళు మర్యాదగా విన్నారు. గంట మోగింది. థాంక్యూ సర్ అన్నారు. తర్వాతి మనిషిని పిలిచారు.

సంక్రాంతి సెలవులనేవి ఇక్కడ లేవు గానీ, ఆ రోజుల్లోనే యార్డు బోర్డు మీద కొత్త కాగితం అంటించారు. డ్రైవర్ల సంక్షేమం దృష్ట్యా, తదుపరి ఉత్తర్వుల వరకు, రెండో బడికీ మూడో బడికీ మధ్య పది నిమిషాల విరామం. ఎవరు అడిగారో, ఎందుకు అడిగారో అందులో లేదు. ఎప్పుడైనా తీసేయవచ్చన్నది మాత్రం ఉంది. ఆ బోర్డుకు కుడివైపు అనేది లేదు.

ఆ పది నిమిషాల్లో మిగతావాళ్ళు దిగుతారు. నేనూ దిగుతాను, వయసు అలాంటిది. తిరిగొచ్చి బస్సెక్కి, తలుపు మూసి, ఖాళీ సీట్ల ఎదుట ఆవిడ పేరు పైకి అంటాను. మొదట్లో సగం వచ్చేది. ఇప్పుడు మొత్తం వస్తోంది. పోయిన వారం ఆ వరండా మెట్ల దాకా వెళ్ళి అన్నాను. తలుపు తెరుచుకోలేదు. ఇంట్లో లైటు మాత్రం ఉంది.